రెండో అంతస్తుకు సున్నా

శాతం సారు అనే ఆ మనిషి ఈ లైబ్రరీలో అడుగు పెట్టకపోయి ఉంటే రెండో అంతస్తు ఇవాళ్టికీ రెండో అంతస్తులాగే ఉండేదని బాబాయి కనిపించినవాడికల్లా చెబుతాడు. టీ కొట్టు దగ్గర చెబుతాడు. బస్సులో పక్క సీటువాడికి చెబుతాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు, మత్తు ఎక్కేలోపు దొరికిన రెండు నిమిషాల్లో డాక్టరుకి కూడా చెప్పబోయాడు. విన్నవాళ్లందరూ అయ్యో అంటారు. కథ మొత్తం చెబితే ఎవరూ అయ్యో అనరు కాబట్టి అతను సగమే చెబుతాడు. మిగతా సగం కూడా కలిపితే ఇదీ సంగతి.

శాతం సారుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన గది తలుపు మీద ఉంది గానీ దాంతో పిలిచేవాళ్లు లేరు. యూనివర్సిటీ లైబ్రరీకి పెద్దసారుగా వచ్చిన మొదటి వారమే సిబ్బందినంతా కింది హాల్లో కూర్చోబెట్టి, "మన పుస్తకాల్లో అరవై రెండు శాతం పదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు" అన్నారు. మనం చేస్తున్న పనుల్లో నలభై శాతం పాఠకులకి అక్కర్లేనివనీ, వాళ్లకి కావలసినవాటిలో ఎనభై శాతం మనం చేయడం లేదనీ కూడా అన్నారు. ఆ సాయంత్రానికల్లా పేరు ఖాయమైపోయింది.

ఆ మీటింగులోనే బాబాయి లేచి నిలబడ్డాడు. నిలబడమని ఎవరూ అడగలేదు.

"నేను ముట్టుకున్నాను సార్."

"ఎన్ని?"

"రెండో అంతస్తులో ఉన్నవన్నీ సార్. నెలకోసారి దుమ్ము దులుపుతాను."

హాలు గొల్లుమంది. సారు కూడా నవ్వారు, ఓ ఐదు శాతం. బాబాయికి మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచీ ఏ మీటింగు జరిగినా ఆఖరి వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు రెక్కలని అందరికీ తెలుసు. అయినా లెక్కపెట్టేవాడు. అలిగినవాడికి ఏదో ఒక పని ఉండాలి కదా. సారు కొంప ముంచే ముక్క చెప్పిన రోజున కూడా అతను రెక్కల దగ్గరే ఉన్నాడు.

బాబాయి తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాడు. లెక్కల మాస్టారితో పడలేదని ఇంట్లో చెప్పాడు. లెక్కలతోనే పడలేదు, పాపం మాస్టారికి ఏం సంబంధం లేదు. రోజుకూలీ మీద లైబ్రరీలో మూటలు మోయడానికి చేరి, అలాగే అంటుకుపోయి, అటెండరై, రెండో అంతస్తుకి ఎక్కి ఇరవై ఏడేళ్లయింది. పిల్లలు ఎవరు మొదలుపెట్టారో గానీ బాబాయి అన్నారు. తర్వాత వచ్చిన ప్రొఫెసర్లు కూడా బాబాయి అన్నారు. జీతం ఇచ్చే గుమస్తా కూడా "సంతకం పెట్టు బాబాయ్" అంటాడు.

రెండో అంతస్తులో కొత్త పుస్తకాలేవీ ఉండవు. పాత నివేదికలు, అట్టలు కట్టిన పత్రికల సంపుటాలు, ఎవరో ఎప్పుడో నేలనీ నీళ్లనీ గాలినీ కొలిచి రాసి పెట్టిన లావుపాటి పుస్తకాలు. వాటిలో ఏముందో బాబాయి ఏనాడూ తెరిచి చూడలేదు. వీపు మీద అంకె చూస్తే చాలు, కళ్లు మూసుకుని దాని చోట పెట్టేస్తాడు. అంకె చెరిగిపోతే రంగు చూసి, రంగు వెలిసిపోతే బరువు చూసి పెట్టేస్తాడు. ఇందులో చదువు అవసరం లేదు, ప్రేమ ఉంటే చాలని అతని నమ్మకం. ఆ ప్రేమే పుస్తకాలకి శాపమైంది.

ఎందుకంటే బాబాయి అంతస్తులో టేబుళ్లు అద్దంలా ఉండాలి. పాఠకుడు కుర్చీలోంచి లేస్తే చాలు, ఇతను గద్దలా వచ్చి వాలేవాడు. మంచినీళ్లు తాగి వచ్చేసరికి పుస్తకాలు మాయం. ఫోన్ మాట్లాడి వచ్చేసరికి మాయం. ఒకసారి ఒక ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకుంటుంటే ఆ సందులో రెండు సంపుటాలు వెనక్కి వెళ్లిపోయాయి.

అందరికంటే ఎక్కువ అవస్థ పడింది నది పిల్ల. ఆ పేరు బాబాయి పెట్టిందే. పరిశోధన చేసే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. నది ఏ ఏట ఎన్ని అడుగులు పొంగిందో రాసిన నివేదికలు ఎనభై నాలుగు సంపుటాలుంటే రోజూ వాటిని వరసగా ముందేసుకుని కూర్చునేది.

"బాబాయ్! బాత్రూమ్‌కి వెళ్లొచ్చేలోపు తీసేశావా మళ్లీ?"

"ఐదు నిమిషాలైందమ్మా."

"స్టాప్‌వాచ్ పెట్టుకున్నావా? నేను మడత పెట్టిన కాగితం ఎక్కడ?"

"కాగితం నీ పెన్నుల డబ్బాలో పెట్టాను. పేజీ నంబరు కూడా రాశాను చూడు."

"పేజీ నంబరు రాసేంత తీరిక ఉంది గానీ పుస్తకం ఉంచే ఓపిక లేదు నీకు! ఇంట్లో పిన్ని అన్నం తింటుంటే కంచం కూడా ఇలాగే లాక్కుంటావా?"

"మీ పిన్ని చేతిలో కత్తెర ఉంటుందమ్మా, దగ్గరికి పోను" అని, మళ్లీ ఆ సంపుటాలే మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. రోజుకి మూడుసార్లు తీయడం, మూడుసార్లు తెచ్చివ్వడం. ఆ పిల్లకి చిరాకూ నవ్వూ కలిసి వచ్చేవి. బాబాయికి మాత్రం అదొక వైభోగం. తన కష్టాన్ని ఎవరో ఒకరు గుర్తిస్తున్నారు, తిడుతూనే అయినా.

శాతం సారు మొదలుపెట్టిన పని చెడ్డదేమీ కాదు. ఇంటికి తీసుకెళ్లిన పుస్తకానికి కౌంటర్లో రికార్డు ఉంటుంది. ఇక్కడే కూర్చుని చదివి వెళ్లిపోయినదానికి ఏ రికార్డూ ఉండదు. దాన్ని తెలుసుకోవాలంటే ఒకటే దారి. చదివినవాళ్లు పుస్తకాన్ని అరలో పెట్టకుండా టేబుల్ మీదే వదిలేయాలి. పాఠకులు వెళ్లిపోయాక సాయంత్రం నాలుగున్నరకి ఒకరు వచ్చి వదిలేసినవాటినన్నిటినీ మెషిన్‌తో లెక్కపెట్టాలి. ఆ తర్వాతే అటెండరు సర్దాలి. మూడు నెలలు ఇలా చేస్తే ఏ పుస్తకాలు జనానికి కావాలో, ఏవి అక్కర్లేదో తేలిపోతుంది. కావలసినవాటిని చేతికందేలా ముందుకి తేవడం, అక్కర్లేనివాటిని గోడౌన్‌కి పంపడం. ఇదీ పథకం. మీటింగులో అరగంట విడమరిచి చెప్పారట. ఫ్యానుకి మాత్రం మూడే రెక్కలు.

"చదివిన పుస్తకాలను దయచేసి టేబుల్ మీదే వదిలేయండి" అన్న నోటీసును రెండో అంతస్తు గోడకి అంటించింది కూడా బాబాయే. వంకర లేకుండా, నాలుగు మూలలా జిగురు రాసి మరీ అంటించాడు. చదివాడు కూడా. అది పాఠకులకి చెప్పిన మాట అనుకున్నాడు. వాళ్లు వదిలేయాలి, మనం తీయాలి, ఇరవై ఏడేళ్లుగా జరుగుతున్నది అదేగా!

ఇక సాయంత్రం లెక్క సంగతి అంటారా, అది అతనికి బాగా తెలుసు. వెనకటి పెద్దసారు చేతికర్ర టకటకలాడించుకుంటూ రోజూ సాయంత్రం అంతస్తులన్నీ తిరిగేవారు. టేబుల్ మీద ఒక్కో పుస్తకం కనిపిస్తే ఒక్కో తిట్టు. పద్దెనిమిదేళ్లు అలా గడిచింది. ఆ తిట్లు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి కాబట్టి, మెషిన్ పట్టుకుని కౌంటరక్క మెట్లెక్కి వస్తుంటే బాబాయికి అర్థమైందల్లా ఒకటే. తనిఖీ! కర్ర పోయి మెషిన్ వచ్చింది, అంతే తేడా.

కౌంటరక్క పుస్తకాలిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన బాబాయి కూడా అక్కా అనే అంటాడు. లోకమంతా అంటుంటే నోటికి అదే వస్తుంది. మొదటి రోజు ఆమె వచ్చి నలువైపులా చూసి, "ఏవీ?" అంది.

"ఏవీ ఉండవక్కా" అన్నాడు గర్వంగా.

"ఒక్కటి కూడానా?"

"ఇది నా అంతస్తక్కా. మొదటి అంతస్తు అనుకున్నావా?"

మొదటి అంతస్తు అటెండరు పేరు కునుకురాజు. ఇది కూడా తల్లిదండ్రులు పెట్టింది కాదు. టిఫిన్ తర్వాత ఒక కునుకు, భోజనం తర్వాత ఒక కునుకు, లేచి కాస్త ఒళ్లు విరుచుకోవడానికి ఒక కునుకు. అతని టేబుళ్ల మీద పుస్తకాలు గోడల్లా లేచిపోయి, పాఠకులు ఒకరికొకరు కనిపించేవాళ్లు కాదు. మెట్ల దగ్గర నుంచి ఆ దృశ్యం చూసి బాబాయి ముక్కు ఎగబీల్చేవాడు. రానీ, మూడు నెలలు రానీ, లెక్క తేలనీ అనుకునేవాడు. అప్పటిదాకా ఐదు నిమిషాలు ఆగేవాడు, పోటీ మొదలయ్యాక మూడు నిమిషాలకే తీసేయడం మొదలుపెట్టాడు. పిల్లలు పుస్తకాన్ని గుండెకి హత్తుకుని బాత్రూమ్‌కి వెళ్లే పరిస్థితి వచ్చింది.

రెండు నెలలకి మధ్యంతర ఫలితాల మీటింగన్నారు. బాబాయి చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. భార్య ఇంట్లో మిషన్ కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగల మనిషి.

"ఏంటీ, మళ్లీ కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నారా?"

"ఇవాళ నా పేరు చదువుతారే. అన్ని అంతస్తుల్లోకీ మనదే శుభ్రం."

"ఇంట్లో తువ్వాలు మంచం మీదే పడేసిపోతారు కదా, దాని లెక్క కూడా చదువుతారా?"

ఆ తువ్వాలు సంగతి పట్టించుకోకుండా వెళ్లి, ఆ రోజు మొదటి వరసలో కూర్చున్నాడు. తెర మీద రంగురంగుల గీతలు నిలువుగా లేచాయి. మొదటి అంతస్తు గీత పైకప్పు తాకేలా ఉంది. "చూశావా, ఎంత కుప్ప పోశాడో దరిద్రుడు" అని బాబాయి పక్కవాడి చెవిలో అన్నాడు. పక్కవాడు వింతగా చూశాడు.

"మొదటి అంతస్తు. మూడు వేల ఎనిమిది వందల పుస్తకాలు" అన్నారు సారు. "ఒకసారి లేవండి. అందరూ చప్పట్లు కొట్టాలి."

కునుకురాజుని మోచేత్తో పొడిచి లేపారు. ఎందుకు లేపారో తెలియక దండం పెట్టాడు. చప్పట్లు మోగాయి. బాబాయి కూడా కొట్టాడు, వెటకారంగా కొడుతున్నారనుకుని.

"ఇక రెండో అంతస్తు."

బాబాయి పిలవకముందే లేచి చొక్కా సవరించుకున్నాడు.

"సున్నా."

"థ్యాంక్యూ సార్" అన్నాడు బాబాయి.

ఈసారి హాలు గొల్లుమనలేదు. అదే అతన్ని భయపెట్టింది. సారు కళ్లజోడు తీసి, "ఇందులో థ్యాంక్యూ ఏముంది బాబాయ్? రెండు నెలల్లో నీ అంతస్తులో ఒక్క పుస్తకం కూడా ఎవరూ చదవలేదని అర్థం" అన్నారు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. మూడో నెల కూడా ఇలాగే ఉంటే ఆ పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో ఊరి బయటి గోడౌన్‌కి వెళ్తాయనీ, ఆ అంతస్తుని పిల్లలు కూర్చుని చర్చించుకునే గదులుగా మారుస్తామనీ, సోఫాలు వేస్తామనీ, బాబాయికి గేటు దగ్గర సంచులు భద్రపరిచే కౌంటరు ఇస్తామనీ చెప్పారు. కుర్చీ కూడా ఉంటుందట అక్కడ.

మీటింగయ్యాక కౌంటరక్క అతన్ని మెట్ల కింద ఆపింది.

"నిజం చెప్పు బాబాయ్. నేను రాకముందే అన్నీ సర్దేసేవాడివి కదూ?"

"సర్దకపోతే తప్పు కదక్కా."

"అయ్యో రామా! సర్దితేనే తప్పు. మీటింగులో నెత్తీ నోరూ బాదుకుని చెప్పారు. గోడ మీద కాగితం నువ్వే అంటించావు!"

బాబాయికి మెల్లిగా వెలిగింది. వెలిగాక మెట్టు మీద కూలబడ్డాడు. ఆ నది పిల్ల రెండు నెలలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చదివినదంతా, ఆ కళ్లజోడు ప్రొఫెసరు చదివినదంతా, తన రెండు చేతులతో తుడిచేశాడు. ఆ అంతస్తులో ఎవరూ చదవలేదని ఊరంతా నమ్మేలా, అంత శుభ్రంగా.

"వెళ్లి సారుకి చెప్పు" అంది కౌంటరక్క. "పొరపాటైంది, మళ్లీ లెక్కపెట్టించండి అను. కొరుక్కు తినరు."

వెళ్లాడు. తలుపు తట్టాడు. సారు తలెత్తి "ఏంటి బాబాయ్?" అన్నారు, మర్యాదగానే. బల్ల మీద నోటీసు కాపీ కనిపిస్తూనే ఉంది. తొమ్మిదో తరగతి సగం చదివినవాడికి కూడా అర్థమయ్యే వాక్యం. అది నాకు అర్థం కాలేదు సార్ అనాలి. అంతే, నాలుగు మాటలు. ఇరవై ఏడేళ్లు కళ్లు మూసుకుని పుస్తకాలు సర్దిన మనిషి ఆ నాలుగు మాటలు అనాలి. గొంతు దాకా వచ్చాయి కూడా.

"పైన ఫ్యాను చప్పుడు చేస్తోంది సార్" అన్నాడు.

"ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తాను" అన్నారు సారు.

పంపించారు కూడా. బాగానే ఉన్న ఫ్యాను విప్పి, ఆ ఎలక్ట్రీషియన్ దాన్ని నిజంగానే చప్పుడు చేసేలా బిగించి వెళ్లాడు.

ఇంట్లో చెబితే భార్య నోట్లోని సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఆవిడ అంత పని పెట్టుకుందంటే మాట పెద్దదే.

"తెలియలేదని చెప్పడానికి సిగ్గేంటండీ? నాకు కాలరు తిప్పడం రాదని ఊరందరికీ చెబుతా. ఎవరూ నన్ను వెలేయలేదు."

"నీకు తెలీదు, ఊరుకో. ఇంకా నెల ఉంది. లెక్కే కదా కావాల్సింది, చూపిస్తాను."

"ఎలా?"

"పుస్తకాలు లేనిచోట లెక్క లేదు. ఉన్నచోట ఉంటుంది."

"అంటే మీరే తీసి పెడతారా? చదవకుండానే?"

"నేను ముట్టుకుంటే ముట్టుకున్నట్టు కాదా ఏం?" అన్నాడు రోషంగా.

మర్నాటి నుంచి పాఠకులు వెళ్లిపోగానే, నాలుగింటికి తన పని మొదలుపెట్టాడు. అరల్లోంచి పుస్తకాలు తీసి, టేబుళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు పరిచేవాడు. కొన్నిటిని మధ్యకి తెరిచేవాడు. ఒక కుర్చీని కాస్త పక్కకి లాగేవాడు. ఇంత కళ తనలో ఉందని అతనికే తెలియదు.

కానీ ఏ పుస్తకాలు తీశాడన్నది చూడాలి. నది నివేదికలు తీయలేదు. వాటి అంచులు ఎండుటాకుల్లా విరుగుతున్నాయి, ఊరికే కదిపితే పాడైపోతాయని మనసొప్పలేదు. నేలల లెక్కలు తీయలేదు, అవి పై అరలో ఉన్నాయి, నిచ్చెన ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. టేబుళ్లకి దగ్గరగా, నడుం ఎత్తులో, అట్టలు గట్టిగా ఉన్నవి ఏవా అని చూస్తే తోళ్లు పదును చేసే పద్ధతుల మీద ఇరవై నాలుగు సంపుటాలు కనిపించాయి. వాటి పక్కన కోళ్లకి వచ్చే రోగాలు. ఆ పక్కన గోడలకి వేసే రంగుల రసాయనశాస్త్రం. పుట్టి బుద్ధెరిగి వాటిని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు కాబట్టి కొత్తగా, బలంగా ఉన్నాయి. ఎన్నిసార్లు తీసినా చెక్కు చెదరవు. రోజూ అవే.

నది పిల్ల ఆ నెల కూడా రోజూ వచ్చింది. ఆమె లేవగానే ఆ సంపుటాలు తీసి జాగ్రత్తగా అరలో పెట్టేసేవాడు. పెట్టేశాక ఒకోసారి గుర్తొచ్చేది, అరె, ఇవి కదా ఉంచాల్సింది అని. వెనక్కి తెద్దామంటే ఆ అంచులు గుర్తొచ్చేవి. పోనీలే, లెక్కకి లెక్క వస్తోందిగా, ఏ పుస్తకమైతేనేం అనుకునేవాడు.

కౌంటరక్క మెషిన్ పెట్టి టిక్కుటిక్కుమనిపిస్తూ అడిగింది, "తోళ్లు పదును చేయడం ఇంతమంది చదువుతున్నారా బాబాయ్?"

"పోటీ పరీక్షలక్కా."

"కోళ్ల రోగాలు కూడానా?"

"దేశంలో ఉద్యోగాలు అలా ఉన్నాయి మరి."

ఆమె అతన్ని ఒక చూపు చూసింది. ఆ చూపుని బాబాయి మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

మూడో నెల చివరి మీటింగులో తెర మీద రెండో అంతస్తు గీత చివాలున లేచింది. పదిహేను వందల పుస్తకాలు. సారు ముఖం వెలిగిపోయింది. నోటీసు పెట్టగానే జనం మారారన్నారు, మన అలవాట్లు మారితే సేకరణ దానంతటదే బతుకుతుందన్నారు. బాబాయి గుండెల మీంచి బండ దిగింది. అంతస్తు దక్కింది, ఇక సంచుల కౌంటరు కునుకురాజుకి ఇచ్చినా ఇస్తారు అనుకుంటున్నాడు.

అప్పుడు సారు ఇంకో తెర తెరిచారు. ఏ పుస్తకం ఎన్నిసార్లు చదివారో పేరు పేరునా ఉంది.

"చూడండి. ఈ అంతస్తులో వాడకం మొత్తం నూటికి నూరు శాతం మూడే మూడు విషయాల మీద ఉంది. తోళ్లు, కోళ్లు, రంగులు. వీటికి ఇంత గిరాకీ ఉందని మనలో ఎవరికైనా తెలుసా? ఇవి మెట్లెక్కి చదవాల్సినవి కావు. కింద గుమ్మానికి ఎదురుగా అద్దాల బీరువా పెట్టి, లైట్లు వేసి, ఇవన్నీ అందులో పెడదాం. మిగతావి సున్నా. మూడు నెలలు చూశాం, ఒక్కటీ కదల్లేదు. అవి గోడౌన్‌కి."

బాబాయి అందరి ముందూ మాత్రం అనలేకపోయాడు. మీటింగవగానే సారు వెనకే ఆయన గదిలోకి దూరి తలుపు వేశాడు.

"సార్, అవి ఎవరూ చదవలేదు. నేనే తీసి పెట్టాను. చదివినవేమో లెక్క రాకముందే నేనే సర్దేశాను. నోటీసు నాకు అర్థం కాలేదు సార్."

నాలుగు మాటలూ వచ్చేశాయి. నెల ఆలస్యంగా.

శాతం సారు పెన్ను మూత తీసి పెట్టారు, మళ్లీ తీశారు. ఆ పెన్ను కింద ఉన్న ఫైలు మీద పై ఆఫీసు ముద్ర ఉంది.

"బాబాయ్. రిపోర్టు పొద్దునే పైకి వెళ్లిపోయింది. నా సంతకంతో. ఇప్పుడు నువ్వు చెప్పింది నిజమైతే దొంగ లెక్క చూపించినందుకు నీ ఉద్యోగం పోతుంది, చూసుకోనందుకు నా పరువు పోతుంది. నిజం కాకపోతే ఏమీ పోదు, ఓ పది నిమిషాల నా టైం తప్ప." ఆయన తల ఎత్తలేదు. "నువ్వు చెప్పింది నిజమేనా?"

బయట కునుకురాజు ఎవరితోనో నవ్వుతున్నాడు. బాబాయి ఆ అంతస్తుని తలుచుకున్నాడు, ఇంటి అద్దెనీ తలుచుకున్నాడు. రెండూ ఒకేసారి కళ్లముందు నిలబడితే ఏది పొడుగో తెలిసిపోయింది.

"కాదు సార్" అన్నాడు. "ఊరికే అన్నాను."

"మరేం పర్లేదు" అన్నారు శాతం సారు. పెన్ను మూత గట్టిగా నొక్కి పెట్టారు.

పెట్టెలు కట్టడం మొదలైన రోజున నది పిల్ల వచ్చింది. ఖాళీ అరలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా సంపుటాలు ఏవి బాబాయ్?"

"గోడౌన్‌కమ్మా. కాగితం రాసిస్తే మూడు రోజుల్లో తెప్పిస్తారంట. ఒకసారికి మూడు."

ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంది. ఎనభై నాలుగు సంపుటాలు, మూడేసి చొప్పున, మూడేసి రోజులకి. ఒక్కోసారి ఒక ఏటి వరదని ఇంకో పది ఏళ్లతో పోల్చి చూడాలి ఆమెకి. పోల్చడమే ఆమె పని.

"ఎవరూ చదవడం లేదని పంపేశారట కదా? నేను రోజూ చదివాను కదా బాబాయ్. లెక్కలోకి ఎందుకు రాలేదు?"

మెషిన్ పట్టలేదేమో అనబోయాడు. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. ఆ పిల్ల కళ్లు చూశాక మింగేశాడు. జీవితంలో ఒక అబద్ధం మింగడం అదే మొదటిసారి, రుచి ఏమీ బాగాలేదు.

"నువ్వు లేవగానే నేను తీసేసేవాణ్ణి కదమ్మా. లెక్కకి ముందే తీసేసేవాణ్ణి. అందుకే."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. రోజుకి మూడుసార్లు తిట్టే మనిషే కదా. ఆమె సంచి భుజానికి సరిగ్గా తగిలించుకుంది.

"సరేనండీ" అంది. "మీరేం చేస్తారు పాపం."

మూడేళ్లలో ఆ పిల్ల అతన్ని మీరు అనడం అదే మొదలు. బాబాయి మెట్ల రెయిలింగు పట్టుకుని ఆమె చివరి మెట్టు దిగేదాకా చూశాడు. తర్వాత పెట్టెల దగ్గరికి వెళ్లి, కూలీలు తలకిందులుగా వేసిన నది నివేదికలని బయటికి తీసి, ఒకటి నుంచి ఎనభై నాలుగు దాకా వరసగా సర్ది మళ్లీ పెట్టెల్లో పెట్టాడు. గోడౌన్‌లో ఎవరు చూస్తారో అతనికి తెలియదు.

తర్వాతి సోమవారం సోఫాలు వేసే కాంట్రాక్టరు వచ్చాడు. అంతస్తంతా ఖాళీ. అరలు తీసిన చోట నేల తెల్లగా, మిగతా చోట నల్లగా ఉంది. కాంట్రాక్టరుతో వచ్చిన మనిషి కింద లారీ దగ్గర ఉన్నాడు.

"పెద్దాయనా, ఖాళీగానే ఉన్నారుగా, కాస్త ఈ టేపు చివర పట్టుకోండి."

బాబాయి పట్టుకున్నాడు. గోడ మూలకి ఆనించి, కదలకుండా, తన అలవాటు కొద్దీ బాగా తిన్నగా పట్టుకున్నాడు. కాంట్రాక్టరు అవతలి గోడ దాకా నడుచుకుంటూ వెళ్లి అరిచాడు.

"పొడవు ఎనభై నాలుగు! ఇప్పుడు అడ్డం పట్టండి... వెడల్పు యాభై రెండు!" చెవి వెనక పెన్సిల్ తీసి, గోడ మీద నోటీసు పక్కనే గుణించి, అంకె కింద గీత గీశాడు. "నాలుగు వేల మూడు వందల అరవై ఎనిమిది చదరపు అడుగులు."